గోరు పట్టని గీత

హైమ కారు మీద జానెడు గీత పోగొట్టబోయి కారు మొత్తం పాడుచేశారు. చేసింది దారినపోయే వాళ్ళెవరో కాదు. నిడదవోలులో తమంత తెలివైనవాళ్ళు లేరని నమ్మే ముగ్గురు: ఇందుమతి, ఆవిడ మొగుడు భాస్కరం, అత్తగారు సుభద్రమ్మ. అందులోనూ ఇందుమతి తర్కశాస్త్రంలో ఎమ్మే. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా తర్కించి చెబుతుంది తప్ప రుచి చూడదు. ఆ ఎమ్మే లేకపోతే కారు బాగానే ఉండేదని ఇప్పుడు ఆవిడే ఒప్పుకుంటుంది.

హైమ ఆవిడ తోటికోడలు, పక్క వీధిలోనే ఉంటుంది. కాశీ వెళ్తూ కొత్త కారు వీళ్ళ వాకిట్లో పెట్టింది.

"అక్కా, నీకిచ్చిన కుట్టుమిషను ఏ గతిలో తిరిగొచ్చిందో నేను మర్చిపోలేదు. ఇదీ అలాగే అయితే ఈ జన్మలో నీ చేతికి నా వస్తువు ఇవ్వను."

ఇందుమతికి రోషం పొడుచుకొచ్చింది. కారు ఉన్నది ఉన్నట్టు అప్పగించి, 'అక్కా, నువ్వు గట్టిదానివే' అని హైమ నోటే అనిపించుకోవాలి. అందుకని ఆ పూటే భాస్కరం చేత రేకు మీద బోర్డు రాయించింది: 'ఈ కారు మీద గీతలు పెట్టరాదు.' దాన్ని తీగతో కారు తలుపు పిడికి వేలాడదీశారు. సాయంత్రం గాలి లేచింది. అంతే! బోర్డు అటూ ఇటూ ఊగి, ఎర్రటి తలుపు మీద జానెడు గీత గీసింది.

"తన మీద రాసింది తనే చదువుకోలేదు కాబోలు పాపం," అంది సుభద్రమ్మ బోర్డుని చూసి.

ఇందుమతి కార్లకి రంగులు వేసే రాజారావుకి ఫోన్ చేసి, అతను చెప్పిందల్లా పొల్లుపోకుండా కాగితం మీద రాసుకుంది.

"గోరుతో గీత మీద అడ్డంగా లాగి చూడండమ్మా. గోరు పట్టకపోతే పైపై గీతే, ఇంట్లోనే పోతుంది. మెత్తటి గుడ్డకి పాలిష్ పేస్టు రాసి రుద్దండి. ముందు ఎవరికీ కనపడని చోట చేసి చూసుకోండి. గీతకీ మిగతా కారుకీ తేడా తెలియలేదంటే పని అయినట్టే."

ఇందుమతి గోరు లాగింది. పట్టింది.

"పట్టకూడదన్నాడు కదే!" అన్నాడు భాస్కరం.

"కంగారెందుకండీ? గోరు ఉంటేనే కదా పట్టేది? కత్తెర తెండి."

ముగ్గురూ పదేసి వేళ్ళకీ గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నారు. మళ్ళీ లాగి చూశారు. ఒక్కళ్ళకీ పట్టలేదు. పైపై గీతేనని ముగ్గురూ సంబరపడ్డారు.

ఇక ఎవరికీ కనపడని చోటు. భాస్కరం కారు కింద దూరబోయాడు.

"అక్కడ మీకు కనపడదూ?" అంది ఇందుమతి.

"కనపడుతుంది."

"మరి ఎవరికీ అంటే మనకి కూడా కదండీ."

భాస్కరం పెళ్ళాం చదువుకి లోలోపల దణ్ణం పెట్టుకున్నాడు. ముగ్గురూ కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకున్నారు. దాంతో గీత ఉన్న చోటే ఎవరికీ కనపడని చోటైంది. పేస్టు దొరికింది. గుడ్డ కోసం తడిమితే భాస్కరం చేతికి పక్క బకెట్లో అంట్లు తోమే స్టీలు పీచు తగిలింది. ఇంకేముంది! గంటసేపు రుద్దాడు.

"ఈ గుడ్డ కాస్త గరుగ్గా ఉందే, ఇందూ."

"కొత్త గుడ్డ అంతేలెండి. రుద్దండి."

తువ్వాళ్ళు విప్పి చూస్తే గీత లేదు. గీత ఉన్నచోట అట్లపెనమంత మచ్చ ఉంది. సుభద్రమ్మ గుండెలు బాదుకుంది. ఇందుమతి మాత్రం కాగితం తీసి ఆఖరి మాట మళ్ళీ చదివింది.

"ఏమన్నాడు? తేడా తెలియకూడదన్నాడు. ఇప్పుడు తెలుస్తోంది. ఎందుకు? మిగతా కారు రుద్దలేదు కాబట్టి!"

అంతే. ముగ్గురూ మూడు పీచులు పట్టారు. రెండు రోజులు తిండి కూడా నిలబడే తిన్నారు. మూడోరోజుకి కారు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా, మాడిన గిన్నెలా తయారైంది. ఇందుమతి రాజారావుకి ఫోన్ చేసింది.

"బాబూ, గీత ఎక్కడుండేదో మాకే తెలియడం లేదు."

"భేష్ అమ్మా! మీ చేతిలో పనితనం ఉంది," అన్నాడు రాజారావు.

గురువారం హైమ వచ్చింది. గంగాజలం చెంబు చేతికిచ్చి, వాకిట్లోకి చూసి అడిగింది:

"అక్కా, ఈ పాత కారు ఎవరిది? నాది ఎక్కడ పెట్టావు?"

ఆ తర్వాత హైమ అన్న మాటలు కాశీ వెళ్ళొచ్చిన మనిషి అనవలసినవి కావు. చివరికి కళ్ళు తుడుచుకుని, "ఇంక నా కారు మీద చెయ్యి వెయ్యనని మాటియ్యి," అంది. ఇందుమతి సిగ్గుతో చచ్చినంత పనై, గంగాజలం చెంబు పట్టుకుని మాటిచ్చింది. ఈ ఒక్కటైనా నిలబెట్టుకోవాలని గట్టిగా అనుకుంది.

నెల తర్వాత హైమ కారుకి కొత్త రంగు వేయించి, చూపించడానికి తీసుకొచ్చింది. వీళ్ళ ఇంటిముందు వీధి కాలవ వైపు వాలుగా ఉంటుంది. హైమ బ్రేకు వెయ్యడం మరిచి, అత్తగారికి మిఠాయి పొట్లం ఇవ్వడానికి లోపలికి వెళ్ళింది.

కారు మెల్లగా కదిలింది. చీమ నడకే. ఒక్క చెయ్యి అడ్డం పెడితే ఆగేది.

"ఇందూ, ఆపనా?" అన్నాడు భాస్కరం.

"నేనిచ్చిన మాటంటే ఇంటందరి మాటండీ! చేతులు వెనక్కి పెట్టండి."

ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు కారు పక్కనే నడిచారు. లోపల్నుంచి హైమ పరుగెత్తుకొచ్చింది. "అక్కా! పట్టుకో! పట్టుకో అక్కా!"

"నన్ను పరీక్షించకు హైమా," అంది ఇందుమతి నవ్వుతూ. "ఈసారి మాట తప్పను."

కారు కాలవలో ముక్కు పెట్టింది. ఇందుమతి వేలు కూడా తగిలించలేదు.