నాలుగు మూలలా పసుపు

ఇది ఎప్పటిదో తెలీని కథ కాదు నాన్నా. మాఘ బహుళ విదియ, గురువారం, పొద్దున్న పదకొండు కొట్టే వేళ మొదలైంది. అనగనగా ఆ ఊళ్ళో, రైలు స్టేషనుకి ఎదురుగా, మాణిక్యాంబ అనే ఇల్లాలు ఉండేది.

స్టేషనుకి ఎదురిల్లు కావడమే ఆవిడ చేసుకున్న పాపం. రైలు దిగిన చుట్టాలు కాళ్ళు కడుక్కోడానికి వచ్చేవాళ్ళు. ఎక్కాల్సిన చుట్టాలు నాలుగు మెతుకులు తినడానికి వచ్చేవాళ్ళు. రైలు తప్పిపోయినవాళ్ళు ఏకంగా పక్కే వేసేసేవాళ్ళు. కార్తీకం నించి ఆ ఇంట్లో పొయ్యి చల్లారింది లేదు, ఆవిడ నడుం వాల్చింది లేదు. కృష్ణా రామా అనుకునే ఓపిక కూడా లేక, “కృష్ణా” అని ఊరుకునేది. రాముడు ఏమీ అనుకోడులే అని.

ఆ గురువారం ఆవిడ పసుపు దంచుతోంది. దంచుతూ దంచుతూ రోకలికే తల ఆన్చి కునికింది. ఉలిక్కిపడి లేచి, ఇక లాభం లేదనుకుంది. కుడి చెయ్యి కడుక్కుని మూడు పోస్టుకార్డులు తీసింది. ఒకటి తమ్ముడు పేరయ్యకి, ఒకటి మేనత్త చిట్టెమ్మకి, ఒకటి అక్క రాజ్యానికి. ముగ్గురూ ఈ నెల్లో వస్తామన్నవాళ్ళే. మూడింట్లోనూ ఒకటే రాసింది. “అంతా క్షేమం. ఒళ్ళు బాగా అలిసిపోయింది. ఈ నెల ఎవరూ రాకండి. ఒక్క రోజు కంటినిండా నిద్రపోవాలని ఉంది.”

అప్పుడేమైందంటే, సిరా తడి అలుక్కుపోకుండా ఒక్కో కార్డునీ ఎడం చేత్తో, జాగ్రత్తగా, మూలలు మాత్రమే పట్టుకుని తిప్పుతూ ఆరబెట్టింది. ఎడం చెయ్యి కడుక్కోలేదుగా మరి.

నాలుగు మూలలా పసుపున్న కార్డు వస్తే ఏమనుకుంటారు నాన్నా? పెళ్ళి కబురనుకుంటారు. మాణిక్యాంబకి శేషు అని పెళ్ళికెదిగిన కూతురు ఉందాయె.

పేరయ్య కార్డు చూశాడు. కళ్ళకద్దుకున్నాడు. దేవుడి దగ్గర పెట్టి, మళ్ళీ తీసి జేబులో వేసుకున్నాడు. “పసుపు కనిపిస్తుంటే ఇంక చదివేదేముంది” అని అరటిగెల భుజాన వేసుకుని రైలెక్కాడు.

చిట్టెమ్మత్తకి అక్షరాలు ఎలాగూ ఆనవు, పసుపు ఆనింది. పెట్టెలోంచి పట్టుచీర తీసి ఆవిడా రైలెక్కింది.

ఆ తర్వాత రాజ్యం. ఆవిడ మటుకు కార్డు మొత్తం చదివింది. “పెళ్ళి పనులతో ఎంత అలిసిపోయిందో పిచ్చిది. రావద్దని మొహమాటానికి రాసింది” అని అందరికంటే ముందు బండికే వచ్చేసింది.

ఆదివారం సాయంత్రం, దీపాల వేళకి, ముగ్గురూ అరుగు మీద ఉన్నారు. మాణిక్యాంబ గుమ్మంలోనే కూలబడింది.

“పెళ్ళికొడుకు ఏ ఊరే?” అంది అత్త.

“ఏ పెళ్ళికొడుకు అత్తా?”

పేరయ్య జేబులోంచి కార్డు తీసి శేషు చేతికిచ్చాడు. పిల్ల పైకి చదివింది. చదువుతుంటే అరటిగెల మెల్లిగా కిందికి దిగింది.

“అయితే పెళ్ళి లేదూ?” అంది అత్త. పట్టుచీర కట్టుకునే వచ్చింది పాపం.

“నేను చదివే వచ్చాను” అంది రాజ్యం, చిన్న గొంతుతో.

“వచ్చారు, కాళ్ళు కడుక్కోండి. ఎసరు పెడతాను” అంది మాణిక్యాంబ. లేవబోయి, గుమ్మానికి తల ఆన్చింది. అలాగే నిద్రపోయింది. మొగుడు సీతాపతి గారు “మాణిక్యం, మంచినీళ్ళూ” అని పిలవబోతే, అత్త ఒక్క చూపు చూసింది. ఆయన తనే ముంచుకున్నారు.

అప్పుడు అక్కా, కూతురూ ఆవిడని పట్టుకుని లోపల పడుకోబెట్టారు. పేరయ్య తన కండువా మడతపెట్టి తలకింద పెట్టాడు.

మర్నాడు పొద్దున్న ఏం చేశారో తెలుసా? రాజ్యం వాకిలి ఊడ్చి ముగ్గేసింది. నూతి గిలక కీచుమంటుందని పేరయ్య చేద ఉత్త తాడుతోనే లాగి నీళ్ళు తోడాడు. శేషు వంట చేసింది. అత్త పట్టుచీరతోనే గుమ్మంలో కూచుని, రైలు దిగి వచ్చినవాళ్ళనల్లా “నెమ్మది, లోపల శుభకార్యం జరుగుతోంది” అని అరుగు మీదే ఆపేసింది. వాళ్ళు తలా ఒక అరటిపండు తిని, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు.

సీతాపతి గారు ఆ కార్డు తీసి, దూలానికి వేలాడే ఉత్తరాల తీగకి, శుభలేఖల పక్కన గుచ్చారు. ఎండ పెరట్లోకి వచ్చినా మాణిక్యాంబ ఇటునించి అటు ఒత్తిగిల్లిందే గానీ లేవలేదు. నిద్రలోనే “కృష్ణా” అంది. కాసేపాగి “రామా” అని కూడా అంది.

కార్డేమో తీగకెక్కింది,
కునుకేమో కంటికి దక్కింది,
కథేమో కంచి బండెక్కింది,
మన ఇంటి మంచం మనకి చిక్కింది.

ఇంక పడుకో నాన్నా.