ఒటీలియా

చాలాకాలం కిందట, యూరప్‌లో మంచుకొండల నడుమ ఉన్న ఒక ఊళ్లో, మంత్రగత్తెల కోసమని ఒక బురుజు కట్టించారు. పంటమీద వడగళ్లు పడినా, ఆవు పాలు ఇవ్వకపోయినా ఎవరో ఒక ఆడమనిషిని తెచ్చి అందులో పడేసేవారు. సైతాను దగ్గరికి ఎవరూ తమంతట తాము పోరనీ, మరొకరు చెయ్యి పట్టుకుని తీసుకుపోతారనీ ఆ ఊరి న్యాయాధిపతి నమ్మకం. అందుకని ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"నీ చెయ్యి మొదట పట్టుకున్నది ఎవరు?"

పవిత్ర గ్రంథం మీద ప్రమాణం చేసి పేరు చెప్పినామెను వదిలేసేవారు. ఆ పేరుగలామెను తెచ్చి ఆ చోట కూర్చోబెట్టేవారు. బురుజు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు.

ఒక చలికాలం, నేతపని చేసుకు బతికే ఒక పడుచును పట్టుకొచ్చారు. ఆమె నేసిన దుప్పటి కప్పుకుని ఎవరి బిడ్డకో జ్వరం వచ్చిందట. ఆమె పేరు చెప్పింది పొరుగింటి మనిషే. ఇద్దరూ ఒక పొయ్యి దగ్గర కూర్చుని ఉన్ని వడికినవాళ్లు. నేతగత్తె వేళ్లను ఇనుప పట్టులో పెట్టి నలిపారు. వేళ్లకంటే పొరుగింటామె తన పేరు చెప్పిన సంగతే ఎక్కువ బాధపెట్టింది.

లోపల గడ్డిమీద ఊరి మంత్రసాని పడి ఉంది. ముసలిది. చేతులు వెనక్కి కట్టి వేలాడదీసినందువల్ల భుజాలు పట్టు తప్పాయి.

"ఇలా రా తల్లీ. ఆనుకుని కూర్చుంటే కాస్త వెచ్చగా ఉంటుంది" అంది.

ఎవరి కూతురివి, ఏం చేశావు అని అడగలేదు. నలిగిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని, అప్పుడే పుట్టిన బిడ్డను పట్టుకున్నంత మెల్లగా నిమిరింది. తన రొట్టెను నీళ్లలో నానబెట్టి తినిపించింది. పొరుగింటామెను తలచుకుని పడుచు ఏడ్చినప్పుడు, "ఆ నొప్పికి ఎవరైనా చెబుతారమ్మా. దాన్ని తిట్టుకోకు" అంది.

"మరి మీరెందుకు చెప్పలేదు అవ్వా?"

"ఊరినిండా నేను పురుడు పోసిన బిడ్డలే. ఎవరి పేరు చెప్పను?"

కొన్నాళ్లకు ముసలామెకు ఊపిరి ఆడలేదు. నేతగత్తెను దగ్గరికి రమ్మంది.

"నేను కొండల అవతలినుంచి వచ్చినదాన్ని. ఇక్కడ అందరికీ మంత్రసానినే. నా పేరు ఎవరూ అడగలేదు. ఒటీలియా. న్యాయాధిపతి అడిగినప్పుడు ఆ పేరు చెప్పు. అబద్ధం కాదు కనక నీ గొంతు వణకదు. నువ్వు పుట్టినప్పుడు నీ చెయ్యి మొదట పట్టుకున్నది నేనే."

మంత్రసాని చనిపోయిందని ప్రకటించి, భటులు ఆమెను బురుజు గోడవతల పాతిపెట్టారు. మర్నాడు నేతగత్తె గ్రంథం మీద చెయ్యి వేసి ఆ పేరు చెప్పింది. గొంతు వణకలేదు. ఆమెను వదిలేసి, ఊళ్లో ఆ పేరుగల మనిషి ఎవరూ లేకపోవడంతో భటులు ఒటీలియాను వెతుక్కుంటూ అడవిలోకి పోయారు.

ఇంటికి వచ్చి నేతగత్తె ముందు పొరుగింటి తలుపు తట్టింది. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

ఆపైన బురుజులోకి ఎవరిని తెచ్చినా నేతగత్తె రొట్టె తీసుకుని కిటికీ కిందికి వెళ్లేది. రొట్టెతోపాటు ఒటీలియా పేరు కూడా ఇచ్చి వచ్చేది. ఆడవాళ్లు ఒక్కొక్కరే నిజం చెప్పి బయటికి వచ్చేవారు. పొయ్యి వెలిగించేటప్పుడు ఆ పేరు పైకి అనకుండా తలచుకునేవారు.

ఒక వసంతంలో న్యాయాధిపతి కూతురినే తెచ్చారు. ఆ పిల్ల పాడితే పాలు విరిగాయని ఎవరో చెప్పారు. ఆయన పెట్టిన చట్టం, ఆయనే కాదనలేకపోయాడు.

"ఆ బాధ ఏమిటో వాళ్ల ఇంటికీ తెలియనీ" అంది పొరుగింటామె.

నేతగత్తె తన వంకర వేళ్లను చూసుకుంది. ఆ మాట తప్పని ఆమె అనలేదు. కానీ చీకట్లో తనకు రొట్టె తినిపించిన చెయ్యి, ఏ ఇంటిదానివని అడగలేదు. ఆమె రొట్టె మూటకట్టుకుని లేచింది.

విచారణకు ఊరంతా వచ్చింది. న్యాయాధిపతి తల ఎత్తకుండానే కూతుర్ని ఆ ప్రశ్న అడిగాడు.

"ఒటీలియా" అంది కూతురు. "నేను పుట్టినప్పుడు నాన్నా. మీ చెయ్యి కూడా మొదట ఆవిడే పట్టుకుందట."

న్యాయాధిపతి తన అరచేతుల వంక చూస్తూ ఉండిపోయాడు. భటుల నాయకుడు దగ్గరికి వచ్చి, "అయ్యా, అడవులన్నీ గాలించాం. ఆ మనిషి దొరకడం లేదు" అన్నాడు.

"వెతకండి" అన్నాడు న్యాయాధిపతి. "ఆమె దొరికేదాకా ఇంకెవరినీ తీసుకురావద్దు."