గవర్రాజు చలవ వైద్యం

మండపేట దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో గవర్రాజు అనే బాయిలరు ఆపరేటరు ఉండేవాడు. బాయిలరుకు రవ్వంత నలత చేసినా మిల్లంతా వినేలా అరిచి చెప్పేవాడు గాని, తన ఒంట్లో నలతను మాత్రం కట్టుకున్న భార్యకు కూడా చెప్పేవాడు కాదు. ఈ కథ ముఖ్యంగా పెళ్లయిన మగవాళ్లు వినాల్సింది. ఆడవాళ్లు విన్నా తప్పులేదు. సిగ్గుపడేవాళ్లు ఇంకాస్త దగ్గరికి జరిగి వినండి, ఎందుకంటే ఇది మీ కథే.

గవర్రాజు పనిలో మొనగాడు. పొయ్యిలోకి ఊక ఎంత పడాలో, ఆవిరి ఎంత లేవాలో అతనికి కొట్టిన పిండి. ఆవిరి మితిమీరితే బాయిలరు నెత్తిన ఉండే వాల్వు కూత పెడుతుంది. ఒకసారి ఆ కూత భరించలేక, అతని కింద పనిచేసే పాపారావు వాల్వు మీద ఇటుకరాయి పెట్టబోయాడు. గవర్రాజు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, నీకేవన్నా బుద్ధుందా? కూత పెట్టిందంటే లోపలేదో తేడా వచ్చిందనిరా. ఎందుకు కూత్తందో చూడాలిగానీ, దాని నోరు నొక్కేత్తావా? అందరం గాల్లోకి లేచిపోతాం!"

పాపారావు ఆ మాట మర్చిపోలేదు. చెప్పినవాడే మర్చిపోయాడు.

గవర్రాజుకు నలభై మూడో ఏట ఒక కష్టం వచ్చింది. భార్య లోవకుమారి దగ్గరికి వెళితే అతని ఒళ్లు అతని మాట వినడం మానేసింది. మనసులో కోరిక ఉండేది. అంగస్తంభన మాత్రం ఉండేది కాదు, ఉన్నా నిలిచేది కాదు. మొదట అలసట అనుకున్నాడు. రెండు నెలలు గడిచినా అంతే. లోకంలో ఎంతోమంది మగవాళ్లకు వచ్చే ఇబ్బందే ఇది. కాని గవర్రాజు తనొక్కడికే వచ్చిందనుకుని లోలోపల కుంగిపోయాడు.

ఆ మిల్లులో పాతవాళ్లు ఒక మాట అనేవారు. మంట ముందు ఏళ్ల తరబడి నిలబడితే ఒంట్లో వేడి చేరి మగతనాన్ని ఎండగట్టేస్తుందట. గవర్రాజుకు ఆ మాట బాగా నచ్చింది. తప్పు తనది కాదు, బాయిలరుది! ఇక వేడికి విరుగుడు చలవే కదా. పొద్దున్నే రెండు గ్లాసుల చెరకురసం తాగేవాడు. మధ్యాహ్నం పంచదార దండిగా వేసిన సబ్జా నీళ్లు, సాయంత్రం సుగంధి షర్బత్తు. సంతలో గుడారం వేసుకుని కూర్చునే మందులాయన దగ్గరికి కూడా మొహానికి తువ్వాలు చుట్టుకుని వెళ్లాడు. ఆయన కనీసం నాడి కూడా పట్టలేదు.

"బాయిలరు పనా? ఇంకేం, నరాలన్నీ ఉడికిపోయుంటాయి" అని తేల్చేసి, బెల్లం పాకంలో కలిపిన చలవ లేహ్యం సీసా చేతిలో పెట్టాడు. గవర్రాజు పూటకో గరిటె చొప్పున తిన్నాడు.

కొన్నాళ్లకు దాహం పెరిగింది. మంట ముందు పని కదా అనుకున్నాడు. గంటగంటకీ ఒంటికి వెళ్లాల్సి వచ్చేది. ఇన్నేసి నీళ్లు తాగితే వెళ్లమా అనుకున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కేవి. నిలబడే ఉద్యోగం అనుకున్నాడు. ఒళ్లు తగ్గిపోయింది. వేడి దిగిపోతోందని సంబరపడ్డాడు! రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవాడు, అవి మాత్రం మానలేదు. బాయిలరును అనుమానించినవాడికి బీడీ మీద ఒక్కసారైనా అనుమానం రాలేదు.

లోవకుమారికి ఇవేవీ తెలియవు. కూతురు రాజమండ్రిలో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. వాళ్లలో గవర్రాజు పని ఎక్కువగా ఉందని చెప్పి పడక మిల్లులోని గోనెసంచుల గదిలోకి మార్చేశాడు. ఒక ఉదయం అన్నం వడ్డిస్తూ ఆమె అడిగేసింది.

"ఏవండీ, నా వల్ల ఏవన్నా తప్పు జరిగిందా? ఇంకెవరన్నా ఉన్నారా మీకు? ఉంటే చెప్పేయండి. ఇలా మాటాడకుండా చంపకండి."

నిజం చెప్పడానికి అప్పుడు ఒక్క మాట చాలు. అది గొంతుదాకా వచ్చింది కూడా. సిగ్గు దాన్ని వెనక్కి తోసేసింది. దాని బదులు అతని నోటివెంట వేరే మాట వచ్చింది.

"నిన్ను చూత్తే ఏ మగాడికి మనసవుద్దే? ఓసారి అద్దంలో చూసుకో."

అతను వెళ్లిపోయాక లోవకుమారి గోడ మీది అద్దం తీసి, పాత చీరలో చుట్టి, ఇనప్పెట్టె అడుగున పెట్టేసింది. ఆ రోజు నుంచి బొట్టు కూడా వేలితో తడుముకుని పెట్టుకునేది. చెయ్యని తప్పుకు ఆమె తనకు తాను వేసుకున్న శిక్ష అది. ఈ ముక్క చెప్పేటప్పుడల్లా నాకు గవర్రాజు మీద ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడు మిల్లు యజమాని పనివాళ్ల కోసం వైద్య శిబిరం పెట్టించాడు. కాటా పక్కన బల్ల వేసుకుని పెద్దాసుపత్రి నుంచి వచ్చిన డాక్టరమ్మ కూర్చున్నారు.

"బాయిలరు నేను చూసుకుంటానన్నయ్యా, నువ్వెళ్లి చూపించుకో. బొత్తిగా చిక్కిపోయావు" అన్నాడు పాపారావు.

గవర్రాజు వెళ్లి ఆమె ఎదుట కూర్చున్నాడు. ఆమె దాహం గురించి, తిమ్మిర్ల గురించి అడిగారు. తర్వాత గొంతు తగ్గించి, "భార్యాభర్తల మధ్య ఏమైనా ఇబ్బంది ఉందా? షుగరు మొదలైన మగవాళ్లలో కొందరికి ముందు అక్కడే తేడా తెలుస్తుంది. మొహమాటపడకుండా చెప్పండి" అన్నారు.

గవర్రాజు మొహం కందగడ్డలా అయిపోయింది.

"అబ్బే, నాకేంటండీ! దుక్కలా ఉన్నాను."

"మంచిది. అయితే ఒక చుక్క రక్తం ఇచ్చి వెళ్లండి."

"బాయిలరు వదిలేసి వచ్చానండీ. కూత పెడతంది, నేను పోవాలి" అని లేచిపోయాడు. ఆ పూట బాయిలరు కూత పెట్టనే లేదు.

మరో మూడేళ్లు ఇలాగే గడిచాయి. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఆమె అన్నం క్యారేజీ మిల్లుకు పంపేది, అతను ఖాళీ క్యారేజీ ఇంటికి పంపేవాడు. వాళ్ల మధ్య మిగిలిన మాటామంతీ అంతే.

ఒక వానాకాలం ఉదయం గవర్రాజు పొయ్యి ముందు నిలబడి పాపారావు చేత ఊక బూడిద లాగిస్తున్నాడు. ఏదో కమురు వాసన వచ్చింది.

"ఎక్కడో ఏదో కాలతందిరా. చూడు" అన్నాడు.

పాపారావు చుట్టూ చూశాడు. తర్వాత కిందికి చూసి కెవ్వుమని అరిచాడు.

"అన్నయ్యా! కాలేది నీ కాలే!"

నిప్పు కణిక ఒకటి చెప్పులోకి జారి అరికాలికి అంటుకుని ఉంది. గవర్రాజుకు మంటే తెలియలేదు. ఆ కాలికి స్పర్శ ఎప్పుడో పోయింది. అప్పుడైనా ఆసుపత్రికి వెళ్లాడా అంటే లేదు. వేడి పోవాలని పుండు మీద వెన్న రాసుకున్నాడు. పది రోజులకు కాలు నల్లబడింది. జ్వరంతో స్పృహ తప్పితే పాపారావు, లోవకుమారి కలిసి పెద్దాసుపత్రికి మోసుకుపోయారు. మోకాలి కింద తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు. తీసేశారు.

శిబిరానికి వచ్చిన డాక్టరమ్మ అక్కడే ఉన్నారు. "ఇంత షుగరు ఈనాటిది కాదు. ముందునుంచీ ఒంట్లో ఏ తేడా తెలియలేదా?" అని అడిగారు. లోవకుమారి, పాపారావు మంచం పక్కనే నిలబడి ఉన్నారు. గవర్రాజు గోడవైపు తిరిగి, మొదటిసారి నిజం చెప్పాడు.

"నాలుగేళ్లుగా ఆవిడ దగ్గరికి పోలేకపోతన్నానండీ. మనసు లేక కాదు. ఒళ్లు సహకరించట్లేదు. బాయిలరు వేడనుకున్నాను."

"వేడి కాదు గవర్రాజు గారూ. అంగస్తంభన జరగాలంటే రక్తం బాగా పారాలి, నరాలు చురుగ్గా ఉండాలి. షుగరు, పొగ కలిసి ఆ రెండింటినీ దెబ్బతీశాయి. అక్కడి రక్తనాళాలు సన్నవి, అందుకే ముందు అక్కడ బయటపడింది. తర్వాత కాలికి వచ్చింది. ఇలాగే ఉంటే గుండెకీ వస్తుంది. కొందరికి బీపీ వల్ల, తాగుడు వల్ల, వాడే మందుల వల్ల, ఒట్టి దిగులు వల్ల కూడా ఈ ఇబ్బంది వస్తుంది. కారణం కనిపెడితే వైద్యం ఉంది."

"ఇప్పుడు కూడానా అండీ?"

"షుగరు అదుపులోకి రావాలి. బీడీ మానాలి. గుండె పరీక్ష చేశాక సరిపడే మాత్రలు ఇస్తాం. పూర్తిగా బాగవుతుందని మాత్రం మాటివ్వలేను. ఆ రోజు శిబిరంలో చెప్పి ఉంటే ధైర్యంగా ఇచ్చేదాన్ని. ఈ కాలు కూడా ఉండేదేమో" అని ఆమె వెళ్లిపోయారు.

పాపారావు కళ్లు తుడుచుకున్నాడు. "కూత పెడితే నోరు నొక్కకూడదని నువ్వే కదన్నయ్యా నాకు చెప్పావు!" అంటూ బయటికి నడిచాడు.

లోవకుమారి అతని మొహాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఈ మాటా మీరు నా దగ్గర దాచింది? చెబితే నవ్వుతాననుకున్నారా?"

"అనుకున్నాను."

"నాలుగేళ్లు నన్ను చూత్తే మీకు అసయ్యం వేత్తందనుకున్నానండీ. ఇంట్లో అద్దం తీసి దాచేశాను. మీకు తెలుసా?"

అతనికి తెలియదు. ఇంటి గోడ వైపు తలెత్తి చూస్తే కదా తెలిసేది! గవర్రాజు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. అలాగని వదిలి వెళ్లిపోనూ లేదు.

ఇంటికి వచ్చాక గవర్రాజు బీడీ ముట్టలేదు. ఇన్సులిన్ తప్పలేదు. నెలలు గడిచేసరికి ఒంట్లో కొంత నిమ్మళించింది. పోయిన కాలు పోయింది, పొయ్యి ముందు నిలబడే పనీ పోయింది. ఒక మధ్యాహ్నం అతను పెట్టె తీయించి అద్దం అడిగాడు. గోడకు తగిలించాలని లేవబోయాడు. ఒంటికాలి మీద నిలబడలేక మళ్లీ మంచం మీద కూలబడ్డాడు. చివరికి అద్దాన్ని ఒళ్లో నిలబెట్టుకుని, "ఒక్కసారి చూసుకోవే. ఆ రోజు నేనన్నది అబద్ధం" అన్నాడు.

లోవకుమారి వంగి చూసుకుంది. చెవుల పక్క జుట్టంతా తెల్లబడి ఉంది.

"నెరిసిపోయానండీ. ఎప్పుడు నెరిసిందో నేనే చూసుకోలేదు" అంది మెల్లగా.

కాలు తీసేసినప్పుడు కూడా గవర్రాజుకు అంత నొప్పి తెలియలేదు.

నీతి: ఒంటికి వచ్చిన ఏ జబ్బులోనూ సిగ్గుపడాల్సింది లేదు, వెంటనే డాక్టరుకు చెప్పుకోవాలి, దాన్ని దాచిపెట్టి ఆ నింద కట్టుకున్నదాని మీద వేయడమే మగవాడు సిగ్గుపడాల్సిన పని.