పొగగొట్టంలో రణకేసరి

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే ఏ రాజ్యమని అడిగేవాళ్ళుంటారు కనుక ముందే చెబుతున్నాను. దాని పేరు నల్లరాతికోట. కొండ మీద కోట, కోటలో రాజు, రాజుగారి పేరు రణకేసరి. పేరులో ఉన్న రణం మాత్రం ఆయన తాతగారితోనే ఆఖరు. తనకంటూ పని లేని మనిషి కనుక, ఊళ్ళోవాళ్ళ పనులన్నీ తనకు వచ్చుననుకునేవాడు.

ఒకనాడు సాలెవాడిని పక్కకు జరగమని మగ్గం ముందు కూర్చుని జానెడు గుడ్డ నేశాడు. అది గుడ్డో వలో తేల్చుకోలేక సభవారు చప్పట్లు కొట్టారు. ఇంకొకనాడు కుమ్మరి సారె తిప్పి కుండ చేశాడు. అది కారుతుంటే దాసీలు అడుగున లక్క పూసి, అందులోనే ఆయనకు మజ్జిగ పోసి ఇచ్చేవారు. పక్కనున్నవాళ్ళు నిజం చెప్పకపోతే ఎవరికైనా అన్ని పనులూ వస్తాయి. రాజుగారిని అనడమెందుకు, మా వంటింటి చిమ్నీ శుభ్రం చేయడానికి మనిషిని పిలుద్దామని మా ఆవిడ అంటే, అదెంత పని అని నేనే స్టూలెక్కాను. ఆ ముచ్చట ఇక్కడ అనవసరం. గోడ మీద మరక ఇంకా ఉంది.

నల్లరాతికోట వంటసాలకు ఒక పొగగొట్టం ఉండేది. దాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. పన్నెండు పొయ్యిల పొగ ఒక్క నోట్లో చేరి, గోడ లోపలి నుంచి ముప్పై మూరలు పైకి పోయి, అన్నిటికన్నా ఎత్తయిన బురుజు మీద బయటపడేది. కింద వందమందికి వంట జరుగుతున్నా పక్కనున్న కొలువుకూటంలో కన్ను మండేది కాదు. వేడి గాలి తేలిక గనక పైకి పోతుందని మా కాలేజీలో ఫిజిక్సు మాస్టారు రెండు ముక్కల్లో చెప్పి బోర్డు తుడిచేశారు. ఆ రెండు ముక్కలూ ఎవరూ చెప్పని కాలంలో, కొండరాతిలో పొగకు బాట వేసినవాడి బుర్రను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఏటా వానలు వెనకబట్టాక ఆ గొట్టం దులపడానికి మసివారి ఓబన్న వచ్చేవాడు. యాభై ఏళ్ళవాడు, వెదురుబద్దలా ఉంటాడు. వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా అదే పని. దానికి గాను కోట కింద ఒక వరిమడి మాన్యంగా ఉంది. ఆ మడి తప్ప వాళ్ళకు మరో ఆధారం లేదు.

ఆ ఏడు అతను మోకూ, ఈతచీపురూ, ఇనప గోకుడుబద్దా పట్టుకుని వచ్చేసరికి రాజుగారు వంటసాలలో ఉన్నారు. లోపల ఏం చేస్తావని అడిగారు. మసి దులుపుతానన్నాడు ఓబన్న. ఇంతకు మించి ఇంకేమీ లేదా అన్నారు. అంతే ప్రభూ అన్నాడు. దులపడానికి ఒక మాన్యమా అని రాజుగారికి ఆశ్చర్యం వేసింది. చీపురు పట్టగలిగిన ప్రతివాడూ చేసుకోగల పనికి మనిషిని పిలవడం బద్ధకమని ఆయనకు తోచింది. తోచిందే తడవుగా రాయసకాణ్ణి పిలిచి శాసనం చెప్పారు. ఇకమీదట రాజ్యంలో ఎవరి పొగగొట్టం వారే దులుపుకోవాలి. ఇంకొకరి గొట్టంలో చెయ్యి పెట్టినవాడికి పాతిక కొరడాదెబ్బలు. ఓబన్న మడి, అందులోని నాటుతో సహా, కోటకు జమ.

ఆ రెండో పంట నాటు వేసి వారం కాలేదు. ఓబన్న భార్య నాగమ్మ నడుం ఇంకా వంగే ఉంది. మరొకడైతే కాళ్ళ మీద పడేవాడు. ఓబన్న పడలేదు. శాసనం మళ్ళీ ఒకసారి చదివించమన్నాడు. చదివారు.

"చెయ్యి పెట్టకుండా, ఉత్త సలహా చెబితేనో ప్రభూ?"

"నీలాంటివాళ్ళు చెయ్యి తీసి నోరు పెడతారని నాకు తెలియదా? సలహాకూ పాతికే. రాసుకోవోయ్."

"ఎవరి గొట్టం గురించి చెప్పినా అంతేనా? మినహాయింపులేమైనా..."

"లేవు. నా గొట్టానికీ లేవు. చట్టమంటే చట్టమే." రాజుగారు మీసం సవరించుకున్నారు. "ఇప్పుడు నేనే ఎక్కి చూపిస్తాను. చూసి వెళ్ళు."

రాయసకాడు అంతా రాసి రాజముద్ర వేయించాడు. కోట వాకిట దండోరా మొదలైంది. రాజుగారు నగలన్నీ తీశారు. ముద్ర ఉంగరం ఒక్కటి మాత్రం తీయకూడదు గనక, గోకుడుబద్ద పట్టే కుడిచేతికి అడ్డమని ఎడమచేతికి మార్చుకున్నారు. పంచె బిగించి, చల్లార్చిన పొయ్యి మీద కాలు పెట్టి, కింది నుంచి గొట్టంలోకి తల దూర్చారు.

ఈ పని తెలిసినవాడెవడూ కింది నుంచి ఎక్కడు. బురుజు మీద మోకు కట్టుకుని పై నుంచి దిగుతాడు. దులిపిన మసి తనకన్నా ముందు కిందికి పోతుంది. కింది నుంచి ఎక్కి దులిపితే అది ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. ఓబన్న నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. రాజుగారు గమనించి ఏమిటన్నారు.

"ఏమీ లేదు ప్రభూ. ఆవలింత."

ముందు పది మూరలు బాగానే జరిగింది. గోకుడు చప్పుడు వినిపించింది, తరవాత దగ్గు వినిపించింది. పదిమూరల ఎత్తున ఆ గొట్టం మనిషి మోచెయ్యిలా ఒక వంపు తిరుగుతుంది. పైనుంచి గాలి ఎదురుకొట్టకుండా కట్టినవాడు చేసిన ఏర్పాటది. అక్కడ దారి ఇరుకు. రాజుగారు అందులో భుజాలు దూర్చి, పైన చేతికందినంతా ఒక్క ఊపున గోకారు. బుట్టల కొద్దీ మసి ఆయన భుజాల చుట్టూ దిగి కూరుకుంది. కిందికి రావాలంటే రాలేదు, పైకి పోవాలంటే పోలేదు. బద్ద పట్టిన కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి ఒంటి పక్కన. కింద పొయ్యి దగ్గర నిలబడి చూస్తే చీకట్లో రెండు రాజపాదాలు మాత్రం ఊగుతున్నాయి.

మంత్రి చెన్నరసు పరుగున వచ్చాడు. ఇద్దరు భటులు పాదాలు పట్టి లాగారు. లాగినకొద్దీ మసి ఇంకా గట్టిగా బిగిసి, లోపలినుంచి రాజుగారి కేక వచ్చింది. అప్పుడు మంత్రి, మనుషుల వల్ల కాదు, పాదాలకు గొలుసు వేసి పట్టపుటేనుగు చేత లాగిద్దామన్నాడు. ఆ మాట పైకి వినబడ్డట్టుంది. పాదాలు ఊగడం మానేశాయి.

"ఓబన్నా." గొట్టంలోంచి వచ్చిన గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"ఉన్నాను ప్రభూ."

"ఇప్పుడేం చెయ్యాలి?"

ఓబన్న మాట్లాడలేదు.

"నోరు పడిపోయిందా?"

"నోరు బాగానే ఉంది ప్రభూ. వీపు ఒక్కటే ఉంది. పాతిక దెబ్బలు పట్టదు."

పైనుంచి కొంచెం మసి రాలింది. ఆ శాసనం రద్దు చేశానని రాజుగారు అన్నారు. ఓబన్న తల గోక్కున్నాడు.

"గోడ మాట్లాడుతున్నట్టుంది ప్రభూ. అది ఏలినవారి గొంతేనని రేపు సాక్ష్యం చెప్పేదెవరు? శాసనానికి ముద్ర ఉంది. రద్దుకు ముద్ర లేదు. చట్టమంటే చట్టమే కదా."

మంత్రి కళ్ళెర్ర చేశాడు. అయితే గొట్టంలోంచి, తప్పుతుందా అన్నట్టు, నవ్వో దగ్గో వినిపించింది. రాజుగారు రాయసకాణ్ణి రమ్మన్నారు. ఆ రాజ్యంలో అంతకుముందూ ఆ తరవాతా ఏ శాసనమూ అలా పుట్టలేదు. రాయసకాడు తాటాకూ గంటమూ పట్టుకుని పొయ్యిలో మోకాళ్ళ మీద కూర్చుని తల పైకెత్తాడు. రాజుగారు చీకట్లోంచి చెప్పారు. పొద్దుటి శాసనం రద్దు. పొగగొట్టం పనికి మసివారి ఓబన్నను పిలిపించడమైనది.

"మడి సంగతి కూడా అడుగుతావేమో," అన్నారు.

"అడగను ప్రభూ. పనికి పిలిస్తే చాలు. మడి ఆ పని వెనకాలే వస్తుంది."

రాజుగారు ఎడమచేతి బొటనవేలితో ఉంగరాన్ని నెట్టి నెట్టి వదిలారు. అది గోడకు టింగుటింగుమని తగులుతూ వచ్చి బూడిదలో పడింది. ముద్ర పడింది. ఓబన్న ఆ ఆకును కళ్ళకద్దుకుని పక్కన పెట్టి, పొయ్యి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అప్పుడతని గొంతు మారింది. బతిమాలేవాడి గొంతు కాదది, పని తెలిసినవాడి గొంతు.

"కిందికి రావాలని చూడకండి. దారి పైకే ఉంది. ఊపిరి పీల్చకండి, వదలండి. అంతా వదిలేయండి. ఇప్పుడు మొహం గోడకు తిప్పండి. కుడిభుజం ముందు పోనివ్వండి, ఎడమది దాని వెనకాల వస్తుంది. కాలి బొటనవేలితో వెతకండి. అక్కడ పాదం పట్టేంత గుంట ఉండాలి."

"ఉంది," అన్నారు రాజుగారు కాసేపటికి. ఆ గొంతులో పిల్లవాడి సంతోషం ఉంది.

అలా గుంట తరవాత గుంట చెబుతూ, చీకట్లో తడిమిందే తప్ప ఎప్పుడూ కంటితో చూడని దారిని అరచేతిలో గీతల్లా చదువుతూ, ఓబన్న రాజుగారిని వంపు దాటించాడు. పద్దెనిమిదో మూర దగ్గర ఆగమన్నాడు.

"కుడిచేతి పక్కన గరుకుగా ఒక రాయి తగులుతుంది. దాన్ని గోకకండి ప్రభూ. అది సాక్షిరాయి. ఏడాదిలో ఎంత మసి పడుతుందో తెలియడానికి మావాళ్ళు దాని మీద బెత్తెడు మేర ఎప్పుడూ దులపరు. అంచు మీద గోరు పెట్టి చూడండి. పొరలు తెలుస్తాయా?"

తెలుస్తున్నాయన్నారు.

"పైన మందంగా ఉన్నది మీ పట్టాభిషేకం జరిగిన ఏడు. నలభై రోజులు పొయ్యి ఆరలేదు. గోరు ఇంకా లోపలికి పోనివ్వండి. అడుగున ఒకటి ఉల్లిపొరంత ఉంటుంది."

"ఉంది. ఇదేమిటి, ఆ ఏడు కోటలో వంటే లేదా?"

"కరువు ప్రభూ. ఊళ్ళో ప్రతి ఇంటా పొయ్యి వెలిగేదాకా కోటలో ఒక్క పొయ్యే వెలగాలని మీ తాతగారి ఆజ్ఞ. ఆ ఏడు దులపడానికి మసి లేదని మా తాత ఏడ్చాడట."

రాజుగారి గోరు ఆ పొర మీదే ఆగింది. తాతగారి యుద్ధాల గురించి రణకేసరికి అన్నీ తెలుసు. ఆయన మీద పద్యాలు చదివినవాళ్ళున్నారు, బొమ్మలు గీసినవాళ్ళున్నారు. ఆయన అర్ధాకలితో ఉన్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. అది ఈ చీకట్లో, ఈ రాతి మీద, వేలి కొసకు మాత్రమే అందేంత పలచగా ఉండిపోయింది. దాన్ని చదవగలిగిన ఇల్లు రాజ్యంలో ఒక్కటే.

ఆ తరవాత రాజుగారు దారి అడిగిన ప్రతిసారీ చిన్నగా అడిగారు. తల మీద గోళీకాయంత కనిపించిన ఆకాశం పళ్ళెమంతయింది, చాపంతయింది. ఆయన బురుజు మీదికి తేలి, అంచు మీద చతికిలబడ్డారు.

పొగగొట్టం అంచు మీద కూర్చుని ఊరిని ఏ రాజూ చూడలేదు. ఏరు వెండిబద్దలా మెరుస్తోంది. ఊరంతా మధ్యాహ్నపు వంట వేళ. మూడు వందల ఇళ్ళ పొగ సన్నటి దారాల్లా లేచి, పైన కలిసి, ఒక్క మబ్బయి కొండవైపు కదులుతోంది. ఓబన్న నీళ్ళచెంబుతో మెట్లెక్కి వచ్చేసరికి రాజుగారు దానివైపే చూస్తున్నారు. మొహం కాటుక ముద్దలా ఉంది, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"మీవాళ్ళు ఏటా ఇది చూస్తారా?"

"పని మొదలుపెట్టే ముందు కాసేపు కూర్చుంటాం ప్రభూ."

"నేను నీ పనిలో సగమైనా చేశానంటావా?"

ఓబన్న ఆయన్ను తల నుంచి పాదాల దాకా చూశాడు. "చేశారు ప్రభూ. ఆ సగం మీ ఒంటి మీదే ఉంది. వంపు దగ్గర కూరింది తీయడానికి మాత్రం ఈ ఏడు నాకు రెండు రోజులు ఎక్కువ పడుతుంది."

రాజుగారు నవ్వడం మొదలుపెట్టారు. మొహం మీది మసి బీటలు వారేదాకా నవ్వారు. మెట్ల మీద ఆయాసపడుతూ వస్తున్న మంత్రి నవ్వాలో వద్దో తెలియక గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఓబన్న మడి పక్కనున్న మరో మడి కూడా అతనిదేనని రాజుగారు అక్కడికక్కడే చెప్పి, శాలువా తెమ్మన్నారు. పాలనురుగులాంటి తెల్లశాలువా వచ్చింది. చేతులు కడుక్కోమని మంత్రి చెంబు అందించేలోపే రాజుగారు శాలువా తీసి ఓబన్నకు కప్పి, రెండు భుజాలూ పట్టుకుని దగ్గరకు తీసుకున్నారు.

సాయంత్రం ఇంట్లో నాగమ్మ మడి సంగతి విని కళ్ళు తుడుచుకుని, శాలువా విప్పి చూసి నొచ్చుకుంది. భుజాల మీద పది వేళ్ళూ నల్లగా అచ్చు పడి ఉన్నాయి. కుంకుడుకాయలు నానబెడతానంది.

"వద్దే," అన్నాడు ఓబన్న, దాన్ని మడత పెట్టి పైన దాస్తూ. "మన పని రాజు కూడా చేశాడంటే రేపు ఎవరు నమ్ముతారు?"