బొమ్మ లేచాక

భ్రమరాంబగారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ఏదైనా అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. వ్యాసం ఎక్కడ ఆపాలో తెలియడం లేదని నేను మొదటిసారి వెళ్ళి అడిగినప్పుడు, ఒక గిన్నెడు చిక్కుడుకాయలు నా ముందు పెట్టి ఈనెలు తీయమన్నారు. తీసి ఇచ్చాను. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. అది నా ప్రశ్నకు జవాబా, లేక ఆ పూట వాళ్ళింట్లో చిక్కుడుకాయ కూరా అన్నది ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. అయినా రేపల్లెలో బ్లాగులు రాసుకునే మాబోటివాళ్ళం సెలవు దొరికితే ఆవిడ ఇంటికి వెళ్ళడం మానలేదు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు, మా అందరికంటే ముందు బ్లాగు మొదలుపెట్టారు. ఆవిడ ఒక్కసారి బాగుందంటే మేము ఆ వారమంతా నేల మీద నడిచేవాళ్ళం కాదు.

ఆ ఏడు విజయదశమి నాడు పొద్దున్నే నేను భ్రమరాంబగారింట్లో ఉండగా హైమావతి వచ్చింది. ఎల్లైసీ ఆఫీసులో పని చేస్తుంది, 'అటక' అనే పేరుతో పాత ఇంటిసామాన్ల గురించి బ్లాగు రాస్తుంది. రాత నిజంగానే బాగుంటుంది. వచ్చీ రాగానే చెప్పులైనా సరిగ్గా విడవకుండా కుర్చీలో కూలబడింది.

"నేనేం తప్పు చేశానో మీరైనా చెప్పండి మేడం!" అంది.

సంగతి ఏమిటంటే, సంచారి అని ఒక సైటు ఉంది. చదువుతూ తిరిగేవాళ్ళు తమ కంటబడి నచ్చిన రాతల లింకులు తెచ్చి అక్కడ పెడతారు. మిగతావాళ్ళు వెళ్ళి చదివి, నచ్చితే 'బాగుంది' అని నొక్కుతారు. అలా నొక్కించుకున్నవి పైకి వచ్చి వేలమంది కంటబడతాయి. భ్రమరాంబగారి రాతలు అక్కడ తరచూ కనబడేవి. వాటిని ఎవరెవరో తెచ్చి పెట్టేవాళ్ళు, ఆవిడ మాత్రం తనది తాను పెట్టగా నేను ఎప్పుడూ చూడలేదు. హైమ పద్ధతి వేరు. రాసిన ప్రతి ముక్కనూ తానే తీసుకెళ్ళి పెట్టేది. తనలాంటి మరికొందరితో వాట్సాప్ గ్రూపు పెట్టుకుంది. ఒకరిది పెట్టగానే మిగతావాళ్ళందరూ వెళ్ళి 'బాగుంది' నొక్కేవాళ్ళు. చదివే పని పెట్టుకునేవాళ్ళు కాదు, ఆఫీసు టైములో అంత తీరికెక్కడ? ఇక ఊళ్ళో వాళ్ళ రాతలన్నిటి కిందా ఆమె ఒకే మాట అతికించి వచ్చేది. ఆ పనంతా మజ్జిగ తాగినంత సేపట్లో అయిపోయేదని మాకు గొప్పగా చెప్పేది కూడా.

ముందు రోజు సంచారి నడిపేవాళ్ళ నుంచి ఆమెకు హెచ్చరిక వచ్చింది. మళ్ళీ ఇలాగే చేస్తే 'అటక'ను ఇక ఎప్పటికీ రానివ్వరట.

"ఒక్కరినైనా ఒక్క మాట అన్నానా మేడం? ఎవరి రాత కింద చూడండి, 'చాలా బాగుందండీ, వీలుంటే నా అటక కూడా చూడండి' అనే ఉంటుంది. ఇంతకంటే మర్యాదగా ఎలా రాస్తారు? తిట్టేవాళ్ళను వదిలేసి నన్ను పట్టుకున్నారు!"

ఆమె బాధంతా సైటు గురించి కాదు. ఆ వేసవిలో వాళ్ళమ్మ సుభద్రమ్మగారు పోయారు. ఆవిడ జాకెట్టు ముక్కలతో గుడ్డబొమ్మలు కుట్టేవారు. ఏ బొమ్మకు మొహం కుట్టినా ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉండేదట, ఎదుటివాళ్ళ మాట నమ్మనట్టు. కుట్టినవి కుట్టినట్టే ఊళ్ళో ఎవరెవరికో ఇచ్చేశారు. ఆవిడ పోయాక ఇల్లంతా వెతికితే ఒక్కటంటే ఒక్క బొమ్మ దొరకలేదు, కనీసం ఫొటో అయినా లేదు. హైమ అమ్మ గురించి వ్యాసం రాసి, 'మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి బొమ్మ ఉంటే ఒక్క ఫొటో పంపండి' అని చివర్లో అడిగింది. అది సంచారిలో పైకి వస్తే ఎక్కడో ఒకరు పలుకుతారని ఆమె ఆశ. నాకు ముందే చదవమని పంపితే చదివాను, ఏడ్చాను కూడా.

"ఇప్పుడు అమ్మ వ్యాసం పెట్టనా, వద్దా? పెడితే గెంటేస్తారు. పెట్టకపోతే ఎవరూ చూడరు. ఏం చెయ్యమంటారు?"

భ్రమరాంబగారు లేచి కుంకుమ భరిణె తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"సాయంత్రం మన కొలువుకి పేరంటం. నా మోకాళ్ళు నా మాట వినడం లేదు. వీధిలో అందరినీ బొట్టు పెట్టి పిలిచి రా అమ్మాయ్."

హైమ నా వైపు చూసింది. నేను చిక్కుడుకాయల్ని తలుచుకుని ఫ్యాను వైపు చూశాను.

ఆ వీధిలో దసరాకు ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ బొమ్మల కొలువు పెడతారు. పిలవడానికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి కొలువు చూపించి గుగ్గిళ్ళు పెట్టి గానీ పంపరు. వీధి చివరిదాకా వెళ్ళి రావాలంటే మధ్యాహ్నం అవుతుంది. హైమ మాత్రం మేము గుగ్గిళ్ళకు శనగలు పొయ్యి మీదకి ఎక్కించేలోగానే తిరిగి వచ్చేసింది.

"అందరినీ పిలిచేశానండీ. ఒక్క ఇల్లు కూడా వదల్లేదు."

"మంచిది. వాళ్ళ కొలువులు ఎలా ఉన్నాయి?" అని అడిగారు భ్రమరాంబగారు.

"కూర్చోమన్నారండీ అందరూ. ఇంకా ఇళ్ళున్నాయి, టైము లేదని గుమ్మంలోనే బొట్టు పెట్టి వచ్చేశాను. అన్నీ బాగానే ఉన్నాయి."

భ్రమరాంబగారు అలాగా అన్నారు. ఆ అలాగాలో మెచ్చుకోలు ఉందో చురక ఉందో వెతికే ఓపిక నాకు లేక గరిటె తిప్పుతూ ఉండిపోయాను.

సాయంత్రం వీధంతా వచ్చింది. ఇల్లు కిటకిటలాడింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కొలువు ముందు కూర్చుని మెట్టు మెట్టూ చూసి, ఆ తరవాత మిగతా ఇళ్ళ సంగతులు మొదలుపెట్టారు. ఎవరి కొలువులో రైలుబండి నిజంగా నడుస్తోందో, ఎవరు ఈసారి మెంతులు మొలకెత్తించి తోట చేశారో, అది చూడకపోతే ఎంత నష్టమో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. తమ ఇంటి కొలువు గురించి ఎత్తినవాళ్ళు నాకు కనబడలేదు, పక్కవాళ్ళే వాళ్ళ తరఫున ఎత్తుతున్నారు. హైమకు ఇదంతా పట్టలేదు. పసుపు రాసే వంకతో ఒక్కొక్కరి పక్కనా చేరి, ఫోను చూపించి, "మా అమ్మ గురించి రాశానండీ, కాస్త చూడండి, నలుగురికీ పంపండి" అని బతిమాలుతోంది. వాళ్ళు కాదనకుండా తలలూపుతున్నారు. ఆ తలలూపడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది.

శేషమాంబగారని పెద్దావిడ, గుగ్గిళ్ళ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఎవరితోనో అంటున్నారు.

"ఏవమ్మా, కనకవల్లి ఇంట్లో ఆ గుడ్డ పెళ్ళికూతుర్ని చూశావా? పక్కన పెళ్ళికొడుకేమో చెక్కబొమ్మ. ఒక కనుబొమ్మ పైకెత్తి, వీణ్ణి చేసుకోవాలా అన్నట్టు చూస్తుంటుందే!"

హైమ చేతిలో పసుపు గిన్నె అక్కడే నేల మీద పెట్టేసింది.

"ఎవరింట్లోనండీ?"

"కనకవల్లి ఇంట్లో. ఆకుపచ్చ గేటు. పొద్దున పిలవడానికి నువ్వే వెళ్ళావటగా తల్లీ?"

ఆమె చెప్పులు లేకుండానే పరిగెత్తింది. నేను నా చెప్పులు వెతుక్కుని వెనకాలే వెళ్ళాను.

కనకవల్లిగారు పేరంటానికి బయల్దేరుతూ గుమ్మంలోనే ఎదురయ్యారు. కొలువు ఆవిడ వెనక, గుమ్మానికి ఎదురుగానే ఉంది. పై మెట్టు మీద చెక్క పెళ్ళికొడుకు ఒక్కడే నుంచున్నాడు. పక్క చోటు ఖాళీ.

"పిన్నిగారూ, ఆ పెళ్ళికూతురు బొమ్మ ఏదీ?"

"పడుకోబెట్టేశానమ్మా" అన్నారావిడ. "ఆఖరిరోజు కదా, హారతి ఇచ్చి ఒక బొమ్మను పడుకోబెట్టాలి. అదుగో."

కింది మెట్టు మీద చిన్న దిండు, జేబురుమాలంత దుప్పటి. దుప్పటి నుదుటిదాకా కప్పి ఉంది. నల్ల దారం జడ కొస మాత్రం బయటికి కనబడుతోంది. హైమ దుప్పటి మీదికి చెయ్యి చాపింది.

"అయ్యో, లేపకూడదమ్మా! పొద్దున దాకా ఆగాలి."

"అది మా అమ్మ కుట్టిన బొమ్మండీ."

కనకవల్లిగారు ఆమె మొహంలోకి పట్టి చూశారు. "నువ్వు సుభద్రమ్మగారి అమ్మాయివా? పొద్దున ఆ మాట చెప్పవేం! మీ అమ్మ కొలువుకి వస్తే ఒక పట్టాన లేచేది కాదు. ప్రతి బొమ్మనీ పలకరించేది. ఒక ఏడు మా పెళ్ళికూతురు బొమ్మ విరిగిపోయింది. వీడు ఒంటరిగా నుంచున్నాడేంటని అడిగింది. మర్నాడు ఇదుగో, దీన్ని కుట్టి పట్టుకొచ్చింది. అడిగి కుట్టించుకున్నది కాదమ్మా, తనే చూసి తెచ్చింది. ఎవరింట్లో ఏది లోటుంటే అది కుట్టి ఇచ్చేదట."

హైమకు ఇది తెలియదు. అమ్మ కొలువులకు వెళ్ళేదని తెలుసు, తననూ రమ్మని పిలిచేదనీ తెలుసు.

కనకవల్లిగారి కోడలు ప్రసూన లోపలినుంచి ఫోను తెచ్చింది. "లేపకపోతే ఏంటండీ, ఫొటో ఉందిగా. పోయిన దసరాకి మా కొలువు గురించి నా బ్లాగులో రాశాను. ఎవరో సంచారిలో కూడా పెట్టారు."

ఫొటోలో పెళ్ళికూతురు మెలకువగా ఉంది. ఎర్ర జాకెట్టు ముక్క చీర, బిగించి అల్లిన జడ, పైకి లేచిన ఎడమ కనుబొమ్మ. హైమ ఫోనును దగ్గరికి తీసుకుంది. చాలాసేపు చూసి వేలితో కిందికి జరిపింది. ఫొటో కింద మొట్టమొదటి కామెంటు ఉంది.

'చాలా బాగుందండీ, వీలుంటే నా అటక కూడా చూడండి.'

పేరు హైమావతి. పోయిన దసరా. అప్పటికి సుభద్రమ్మగారు పక్క గదిలోనే ఉన్నారు, చూపిస్తే చూసేవారు.

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. కనకవల్లిగారు ఏడవకు తల్లీ అంటున్నారు గానీ ఎందుకు ఏడుస్తోందో ఆవిడకు అర్థం కాలేదు. ప్రసూన ఫోను వెనక్కి తీసుకోవాలా వద్దా అని నుంచుంది. పోయిన ఏడు ఆ ఫొటోకు 'బాగుంది' నొక్కినవాళ్ళలో నేనూ ఉన్నానేమోనని మనసులో వెతుక్కున్నాను, గుర్తు రాలేదు. గుర్తు రాకపోయేసరికి ఇంకా భయమేసింది.

మేము తిరిగి వెళ్ళేసరికి పేరంటం అయిపోయి ఇల్లు ఖాళీ అయింది. భ్రమరాంబగారు తన కొలువులోని చిట్టి కృష్ణుణ్ణి పడుకోబెడుతున్నారు. హైమ ఎర్రబడ్డ కళ్ళతో ఆవిడ పక్కన కూర్చుంది.

"ఆ బొమ్మ అక్కడుందని మీకు ముందే తెలుసా మేడం?"

"ఏ బొమ్మ?" అన్నారావిడ. హైమ మొత్తం చెప్పింది. భ్రమరాంబగారు చెయ్యి ఆపి విన్నారు. "నాకెలా తెలుస్తుందమ్మా! ఈ మోకాళ్ళతో నేను గడప దాటి ఎన్నాళ్ళయింది?"

ఆవిడ కంఠంలో నిజమే ఉంది. కానీ చిక్కుడుకాయల రోజున కూడా అదే కంఠం.

"మరి నన్నెందుకు పంపారు?"

"పేరంటానికి పిలవద్దూ?"

హైమ ఇంకా తేలని సంగతి మళ్ళీ అడిగింది. "అయితే అమ్మ వ్యాసం సంచారిలో పెట్టనా, వద్దా?"

భ్రమరాంబగారు కృష్ణుడికి అరచెయ్యంత దుప్పటి కప్పి, అంచులు సర్ది, దీపం కాస్త తగ్గించారు.

"పొద్దున బొమ్మ లేచాక కనకవల్లి ఇంటికి వెళ్ళు" అన్నారు. "కూర్చోమంటే కూర్చో."