చెలమలో ఇసుక ఎవరు తోడాలి?

ఎర్రకొండ కింది వాగు శివరాత్రి దాటితే చాలు, పారడం మానేస్తుంది. నీళ్లు మాత్రం ఎక్కడికీ పోవు. ఇసుక అడుగున దాక్కుంటాయి. అక్కడ గుంట తీస్తే ఊరుతాయి. ఆ గుంటనే చెలమ అంటారు. కొండ చుట్టూ ఉన్న జీవాలన్నిటినీ కొండ దాటకుండా వేసవి గట్టెక్కించగలిగేది ఆ ఒక్క చెలమే. వానాకాలం వరదకు అది పూడిపోతుంది కాబట్టి, ఎండలు ముదరకముందే ఇసుక తోడుకోవాలి. ఉన్నదంతా ఇంత చిన్న సంగతి. ఇంత చిన్న సంగతికి అక్కడ ఏటా ఒక సభ, ఆ సభలో ఒక నివేదిక.

నివేదిక ఇచ్చేది నక్క జంబులయ్య. చెలమ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, గుండురాయి ఎక్కి గొంతు సవరించుకున్నాడంటే దుప్పులు మేత మరిచిపోయేవి. పూడిక ఎందుకు పడిందో, గట్టు ఎటు ఒరిగిందో, ఊట ఏ పక్కనుంచి వస్తుందో కళ్లకు కట్టేవాడు. అందులో అబద్ధం ఒక్కటీ ఉండేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. చివర్లో గొంతు పెంచి, "కావున ఇసుక తోడవలసి ఉంది. గట్టు బలపరచవలసి ఉంది. చుట్టూ కంప నాటవలసి ఉంది. ఇందుకు అందరూ సహకరించవలసి ఉంది" అని ముగించేవాడు. అందరూ గిట్టలు తాటించి, నివేదిక ఇచ్చినందుకు తలా ఇన్ని రేగుపళ్లు ఆయన ముందు పోసి, దాహం తీరిపోయినట్టు ఇళ్లకు పోయేవారు. మాటలు కోటలు దాటేవి, కాళ్లు గడప దాటేవి కావు.

పోయినేడూ అదే జరిగింది. చెలమ తోడినవాడు లేడు. ఎండలు ముదిరాక అందరూ కొండ దాటి పెద్దేటికి నడవాల్సి వచ్చింది. ఆ నడకలో చుక్కమ్మ అనే దుప్పి తన కూనను పోగొట్టుకుంది. వెనకబడిందని తెలిసి తిరిగొచ్చి వెతికింది గాని దొరకలేదు. ఆ దుఃఖం ఆమెను ఏడాదంతా కోస్తూనే ఉంది.

ఈ ఏడు ఆమెకు మళ్లీ కూన పుట్టింది. దానికి కాళ్లు ఇంకా తడబడుతున్నాయి. ఈసారి కూడా కొండ దాటాల్సి వస్తే ఇదీ దక్కదని చుక్కమ్మకు తెలుసు. అందుకే సభకు ముందే ఇల్లిల్లూ తిరిగి, పోయినేడు చెలమకాడికి ఎందుకు రాలేదని అడిగింది. అడవిపంది తిప్పన్న, తన మూతి తవ్వడానికే పుట్టిందనీ, అయితే ఎద్దు వచ్చి మొదలుపెడతాడేమోనని చూశాననీ అన్నాడు. ఎద్దు గౌరన్నను అడిగితే, పంది తవ్వితేగదా నేను ఇసుక లాగేది అన్నాడు. ముళ్లపంది, అందరూ అంటే నేనొక్కడినేనా అని ముళ్లు విదిల్చాడు. ఎవరిలోనూ ఆమెకు బద్ధకం కనపడలేదు. ఒకరికోసం ఒకరు చూస్తూ కూర్చున్నారు. పదిమంది చేతిలో పాము చావదని పెద్దలు ఊరికే అన్నారా?

అక్కడినుంచి నేరుగా జంబులయ్య బొరియకు పోయింది. ఈసారి నివేదికలో ఎవరు ఏం చేయాలో పేరు పెట్టి చెప్పమనీ, ఎప్పుడు చేయాలో కూడా చెప్పమనీ బతిమాలింది.

జంబులయ్య నవ్వాడు. "పిచ్చిదానా, పేరు పెడితే ఆ పేరుగలోడు నామీద పండ్లు కొరుకుతాడు. పని కాకుంటే తప్పు ఫలానావాడిదని తేలిపోతుంది. నివేదిక అంటే పెండ్లి పప్పు మాదిరి ఉండాల. ఎవురికీ కారం తగలకూడదు."

"మరి చెలమ పూడితే?"

"వచ్చే ఏడు మళ్లా నన్నే పిలుస్తారు కదమ్మా."

చుక్కమ్మకు ఒళ్లు మండింది. కానీ నక్కతో వాదానికి దిగితే గెలిచేది నక్కే. అందుకే వెనక్కి తిరిగింది. దారిలో తీతువు పిట్ట ఎదురైతే దాంతో కాసేపు గుసగుసలాడింది.

సభ రోజు వచ్చింది. ముసలి బర్రె గంగవ్వ పెద్దరికంలో అందరూ కూర్చున్నారు. జంబులయ్య రాయెక్కి ఎప్పటిలాగే కళ్లకు కట్టాడు, ఎప్పటిలాగే 'సహకరించవలసి ఉంది' దగ్గర ఆగాడు. గిట్టలు లేవబోతుండగా చుక్కమ్మ లేచి, ఒక సందేహం అడగొచ్చా అంది. గంగవ్వ అడగమంది.

"జంబులన్న చెప్పినదాంట్లో తప్పు లేదు. ఇసుక తోడవలసి ఉందన్నాడు. రేపు పొద్దు పొడిచేటప్పటికి చెలమలో ఎవరి కాలు పడితే ఆ పని మొదలైనట్టు?"

"అందరిదీనమ్మా" అన్నాడు జంబులయ్య.

"అందరూ ఒకేసారి దిగితే చెలమ పట్టదు గదన్నా. ముందు దిగే పేరు ఒక్కటి చెప్పు."

జంబులయ్య సభ మీద చూపు తిప్పాడు. ఒక పక్క తిప్పన్న కోరలు, ఒక పక్క గౌరన్న కొమ్ములు, మధ్యలో ముళ్లపంది ముళ్లు. ఏ పేరు పలికినా ఒక పగ తయారు. అంతటి మాటకారి మాట తడుముకోవడం సభ చూడటం అదే మొదటిసారి.

"మొగమాటపడుతున్నాడు పాపం" అంది చుక్కమ్మ జాలిగా. "పరాయోళ్ల పేరు చెబితే కోపాలొస్తాయి. ఎవరికీ కోపం రాని పేరు ఒకటుంది గదన్నా. నీ పేరు నువ్వే చెప్పుకుంటే కాదనేదెవరు? ఊట ఏ పక్కనుందో నీకన్నా తెలిసినోడు యాడున్నాడు?"

గిట్టలున్నవాళ్లు గిట్టలు తాటించారు, లేనివాళ్లు తోకలు కొట్టారు. ఏ చప్పుడు కోసం ఇన్నేళ్లూ రాయెక్కాడో ఆ చప్పుడే ఇప్పుడు జంబులయ్య మెడకు చుట్టుకుంది. కాలు బెణికిందన్నాడు. ఎవరూ నమ్మలేదు. చెప్పేవాడు వేరు, చేసేవాడు వేరు అన్నాడు.

గంగవ్వ నెమరు ఆపింది. "అందరూ అన్నది నువ్వే గదరా. ఆ అందరిలో నువ్వు లేవా?"

జంబులయ్య సరేనని గొణిగాడు.

"చివరోళ్లకు వినపళ్లేదన్నా" అంది చుక్కమ్మ.

"నేనే దిగుతా. రేపు పొద్దు పొడిచేటప్పటికి."

అంతే, తిప్పన్న లేచాడు. "నక్క తవ్వుతాంటే పంది గట్టుమీద కూర్చుందంటే నా పిల్లలు నవ్వరా? వాని వెనకాలే నేను." తవ్విన ఇసుక తవ్వినట్టు సందేళకల్లా లాగి పారేస్తానన్నాడు గౌరన్న. గట్టు లేచాక కంప నాదన్నాడు ముళ్లపంది. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒక పేరు బయటపడేసరికి మిగతా పేర్లు తమంతట తామే దాని వెంట వచ్చాయి.

మాట ఇచ్చి రాకపోతే ఏమిటని ఎవరో గొణిగారు. అప్పటిదాకా మూల కూర్చున్న తీతువు మెడ చాచింది. "రానోళ్ల ఇంటిమీద నిలబడి అరుస్తా. నాకు వేరే పనేముంది?" తీతువు అరిచిన ఇంట చావు తప్పదని కొండంతా నమ్మకం. సభ గతుక్కుమంది. చుక్కమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు కూన వీపు నాకుతూ కూర్చుంది.

మర్నాడు తెల్లారుతుంటే జంబులయ్య, ఎండెక్కాక చూద్దాంలే అని బొరియలో ఇటునుంచి అటు ఒత్తిగిల్లాడు. నెత్తిమీద తీతువు అరుపు అందుకుంది. పక్క బొరియల వాళ్లు ఎవరు పోయారని పరామర్శకు వచ్చారు. సంగతి తెలియని అతని పెళ్లాం శోకం తీయబోయింది. జంబులయ్య ఒక్క ఉదుటున లేచి, ఆగకుండా పరిగెత్తి చెలమలో పడ్డాడు.

తవ్వడం మొదలుపెట్టాక ఆగలేదు. ఊట ఏ పక్కనుందో నిజంగానే అతనికి తెలుసు. అతను గీకినచోట తిప్పన్న మూతి పెట్టాడు, తిప్పన్న ఎత్తిపోసిన ఇసుకను గౌరన్న లాగేశాడు. పొద్దు వాలేసరికి గుంట అడుగున చెమ్మ కనపడింది. చూస్తుండగానే అది నీరై, తేటపడింది. చుక్కమ్మ కూన తడబడుతూ దిగి, మూతి పెట్టి తాగింది. చుక్కమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. అరిగిన గోళ్లతో గట్టుమీద కూలబడ్డ జంబులయ్య ఆ కూననే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లూ తన నివేదికల్లో ఉన్న నీళ్లు ఎవరైనా తాగుతుంటే చూడటం అతనికి ఇదే మొదలు.

రేగుపళ్లు ఇకనుంచి సభ అయ్యాక కాదు, నీళ్లు ఊరాక పంచాలని గంగవ్వ తీర్పు చెప్పింది. అందరికీ సమానంగా పంచారు. జంబులయ్య తన వాటా చూసుకుని, పోయినేటి కుప్పలో ఇది మూలకు కూడా రాదని గొణిగాడు గాని, ఒక్క పండూ మిగల్చలేదు.

'అందరూ చేయాలి' అన్న పని ఎవరూ చేయరు. 'రేపు పొద్దున్నే నేను చేస్తా' అన్నవాడి వెంట అందరూ నడుస్తారు.