గోరింకల మాటకొమ్మ

ఒకప్పుడు గోరింకలకు గోల చేయడమే తెలియదంటే నమ్ముతారా? నమ్మాలి మరి! పగలంతా దేని దారిన అది ఒంటరిగా తిరిగేది. పొద్దువాలగానే అన్నీ ఏటిగట్టు నేరేడు చెట్టు మీద కలుసుకునేవి.

ఆ చెట్టుకు ఒక మాటకొమ్మ ఉండేది. దానిమీద నిలబడ్డదే మాట్లాడాలి, మిగతావన్నీ నోరు మూసుకుని వినాలి. ఏ చేలో పురుగులున్నాయి, ఎక్కడ వల పన్నారు, అన్నీ అక్కడే తెలిసేవి. ఆ కట్టుబాటు పెట్టింది పైడమ్మ అనే ముసలి గోరింక.

"ఆ చెట్టెక్కితే ఆకలీ లేదు, ఆపదా లేదు" అని పేరు పాకిపోయింది. ఏడూళ్ల గోరింకలు వచ్చి వాలాయి. "రండి, రండి!" అని పైడమ్మ మురిసిపోయింది.

తీరా ఏమైంది? ఒకటి పురుగుల కబురు చెప్పబోతే, ఇంకొకటి "నా ముక్కు పసుపు చూశారా!" అంది. "ఓయబ్బో, నీదీ ఒక ముక్కేనా?" అంది మరొకటి. అన్నీ మాటకొమ్మ మీదికే ఎగబడ్డాయి. అది ఫెళ్లున విరిగింది పాపం! ఇక అన్ని కొమ్మలూ మాటకొమ్మలే అయిపోయాయి.

ఒక సాయంత్రం పైడమ్మ రొప్పుతూ వచ్చింది. "జొన్నచేలో వల పన్నారు! రేపు అటు పోకండి!" అని గొంతు చించుకుంది. వింటేగా! కాకి ఎక్కువ నలుపా, కోయిల ఎక్కువ నలుపా అని చెట్టంతా కొట్టుకు చస్తోంది. రెండు కొమ్మల అవతలున్న మొగుడు సింహాద్రి కూడా ఆ గొడవలోనే ఉన్నాడు. వినే ఉంటాడులే అనుకుని పైడమ్మ పడుకుంది.

తెల్లారి సింహాద్రి తిన్నగా జొన్నచేలోకే పోయి వలలో పడ్డాడు.

అతని కేక విని పైడమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఎగిరి వచ్చి, ముక్కుతో ఒక్కో దారమూ తెంపింది. వేటగాడి అడుగులు దగ్గరపడ్డాయి. ఆఖరి దారం తెగింది. ఇద్దరూ బతుకుజీవుడా అని ఏటిగట్టు చేరారు.

పైడమ్మ భోరుమంది. "నేను నిలబెట్టిన చెట్టే నా కొంపకు ఎసరు పెట్టింది! ఇక అక్కడ కాలు పెట్టను!"

"అంత మాట అనకే" అన్నాడు సింహాద్రి, నలిగిన రెక్క సర్దుకుంటూ. "ఆ గోల వింటుంటే నాకు ఒంటరినన్న బెంగ ఉండదు. అది లేకపోతే కంటికి కునుకు రాదు."

పైడమ్మ చెట్టువైపు చూసింది. ఎక్కడెక్కడి నుంచో బిక్కుబిక్కుమంటూ వచ్చి, అరిచి అరిచి హాయిగా నిద్రపోయే కుర్ర గోరింకలు గుర్తొచ్చాయి. ఆ చెట్టెక్కేది ఇప్పుడు కబురు కోసం కాదు, తోడు కోసం. పోనీలే పాపం అనిపించింది.

"సరే, సాయంత్రం అందరితో కలిసి అరుద్దాం. అసలు మాట మాత్రం పగలు నా పక్కన నడుస్తూ విను!" అంది. వాళ్లను చూసి మిగతావీ అదే దారి పట్టాయి.

అప్పటినుంచే గోరింకలు పగలంతా జంటగా నడుస్తూ మెల్లగా చెప్పుకుంటాయి. పొద్దుగూకేసరికి మాత్రం అన్నీ ఒకే చెట్టెక్కి, ఒకదాని మాట ఒకదానికి వినబడకుండా, నిద్రపట్టేదాకా అరుస్తాయి.